సాక్ష్యం అడిగే తరగతి గది

చదువు విషయంలో మన కుటుంబాలలో ఒక అభిప్రాయం చాలాకాలంగా స్థిరపడి ఉంది. లెక్కలు, సైన్సు బుద్ధికి పరీక్ష అనీ, చరిత్ర కేవలం జ్ఞాపకశక్తికి పరీక్ష అనీ మనం నమ్ముతాము. రాజుల పేర్లు, యుద్ధాల సంవత్సరాలు, ఒప్పందాలలోని అంశాలు గైడులో చదివి అప్పజెప్పగలిగితే చాలు, చరిత్ర గట్టెక్కినట్లే. ఇక్కడ పదవ తరగతి వరకూ సోషల్ పరీక్ష ఇలాగే రాసి, ఇంజనీరింగు చదివి, ఉద్యోగరీత్యా అమెరికా చేరిన తండ్రులు తమ సంతానం విషయంలోనూ అదే అనుకుంటారు. కనుకనే లెక్కలలో అందరికంటే ముందుండే అబ్బాయి పదకొండవ తరగతిలో అమెరికా చరిత్ర పేపరుకు ‘సి’ గ్రేడు తెచ్చినప్పుడు ఇంట్లో అందరూ విస్తుపోతారు. “అన్నీ చదివే రాశాను అబ్బా” అంటాడు అబ్బాయి. ఆ మాట నిజమే. చదివినదంతా రాశాడు. అయితే అక్కడ అడిగినది అది కాదు.

డల్లాస్, షికాగో, న్యూజెర్సీ ప్రాంతాలలో స్థిరపడిన తెలుగు ముస్లిం కుటుంబాల నుండీ, వారి పెద్దలు ఉంటున్న హైదరాబాదు, గుంటూరు, కర్నూలు ఇళ్ళ నుండీ మాకు చేరే ప్రశ్నలలో ఈ మధ్య ఈ తరగతి ప్రస్తావన తరచు వస్తున్నది. ఆ ప్రశ్నలలో రెండు భయాలు కలిసి ఉంటాయి. మార్కులు తగ్గుతాయన్నది మొదటిది. ఆ పాఠాలు వింటూ వింటూ పిల్లవాడి దీన్ ఏమవుతుందోనన్నది రెండవది. ఈ రెండింటికీ సమాధానం ఒకే చోట దొరుకుతుందని మా అభిప్రాయం. అందుకు ముందుగా ఆ తరగతిలో నిజంగా ఏమి జరుగుతుందో తెలుసుకోవాలి.

మొదటి రోజు కాగితం

అమెరికాలో దేశమంతటికీ వర్తించే ఒకే పాఠ్య ప్రణాళిక లేదు. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం తన ప్రమాణాలను నిర్ణయించుకుంటుంది. అయినప్పటికీ చాలా రాష్ట్రాలలో హైస్కూలు పూర్తి చేయాలంటే అమెరికా చరిత్ర చదివి తీరాలి. ఎక్కువ చోట్ల దీనిని పదకొండవ తరగతిలో పెడతారు. సాధారణ తరగతితో పాటు, కళాశాల స్థాయిలో నడిచే ‘అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్’ తరగతి కూడా ఉంటుంది. దానిని అక్కడ క్లుప్తంగా ‘ఏపీ’ అంటారు. ఆంధ్రప్రదేశ్‌కు దానితో సంబంధమేమీ లేదని మన పెద్దలు గమనించాలి. కాలేజ్ బోర్డు అనే సంస్థ ఏటా మే నెలలో దీనికి పరీక్ష జరుపుతుంది. 1 నుండి 5 వరకు స్కోరు ఇస్తారు. మంచి స్కోరు తెచ్చుకున్నవారికి అనేక కళాశాలలు కొంత కోర్సు పూర్తయినట్లుగా గుర్తింపు ఇస్తాయి.

సంవత్సరం మొదలైన రోజే ఉపాధ్యాయుడు పిల్లల చేతికి ఒక కాగితం ఇస్తాడు. దానిని సిలబస్ అంటారు గాని, మనకు తెలిసిన పాఠాల జాబితా కంటే అది పెద్దది. ఇంట్లో ఎంత చదవాలి, రాసిన పని ఏ గడువులోగా ఇవ్వాలి, ఆలస్యమైతే ఎన్ని మార్కులు పోతాయి, చర్చలో పాల్గొన్నందుకు ఎంత విలువ ఉంది, నకలు చేస్తే ఏమవుతుంది అన్నవన్నీ అందులో ఉంటాయి. చాలా పాఠశాలల్లో తల్లిదండ్రులు దానిని చదివి సంతకం చేయవలసి ఉంటుంది. మనవాళ్ళలో చాలామంది చదవకుండానే సంతకం పెడతారు. ఇస్లాం దృష్టిలో ఒప్పందం తేలికైన విషయం కాదు. చేసిన ప్రమాణాలను నెరవేర్చమనీ, వాటిని గురించి తప్పక ప్రశ్నించబడుతుందనీ ఖుర్ఆన్ 17వ అధ్యాయంలో స్పష్టంగా చెప్పబడింది. సంతకం పెట్టిన తండ్రికీ ఆ కాగితం ఒక బాధ్యతే.

ఏడాది పొడవునా పని

ఏపీ తరగతిలో అమెరికా చరిత్రను తొమ్మిది కాలాలుగా విభజించారు. మొదటి కాలం 1491లో మొదలవుతుంది. కొలంబస్ ఆ తీరం చేరినది 1492లో. అంటే పాఠం అతని ఓడతో మొదలవదు. అతడు రాకముందే ఆ నేల మీద జనం ఉన్నారు, వారికి నగరాలు, పంటలు, విశ్వాసాలు ఉన్నాయి అని చెప్పడానికే ఆ ఒక్క సంవత్సరం వెనక్కి జరిగింది. మన పిల్లలకు ఇంకొక సంగతి కూడా చెప్పాలి. అదే 1492 జనవరిలో గ్రనడా పట్టణం ముస్లింల చేజారింది. దానిని తీసుకున్న ఫెర్డినాండు, ఇసబెల్లాలే కొన్ని నెలల తరువాత కొలంబస్‌ను సముద్రం మీదికి పంపారు. అందలుస్ విషాద గాథ, అమెరికా పాఠ్యపుస్తకంలోని మొదటి అధ్యాయం ఒకే రాజస్థానంలో కలుసుకుంటాయి. ఈ సంబంధం తెలిసిన విద్యార్థికి ఆ పుస్తకం పరాయిదిగా కనిపించదు.

అక్కడి నుండి వలస రాజ్యాల స్థాపన, 1776 స్వాతంత్ర్య ప్రకటన, 1787 రాజ్యాంగ రచన, బానిసత్వం, 1861 నుండి 1865 వరకు అంతర్యుద్ధం, కర్మాగారాల యుగం, రెండు ప్రపంచ యుద్ధాలు, పౌరహక్కుల ఉద్యమం మీదుగా పాఠం నేటి కాలానికి చేరుతుంది. ఐదు వందల ఏళ్ళకు పైబడిన ఈ ప్రయాణం ఒక విద్యా సంవత్సరంలో ముగియాలి. అందువలన దాదాపు ప్రతి రాత్రీ చదవవలసిన పేజీలు ఉంటాయి. పరీక్షకు ముందు వారం మేలుకుని ఇదంతా అందుకోవడం సాధ్యం కాదు.

పరీక్ష స్వరూపం మూడు గంటల పదిహేను నిమిషాలు. 55 బహుళైచ్ఛిక ప్రశ్నలకు 55 నిమిషాలు. వీటికి 40 శాతం విలువ. మూడు చిన్న జవాబులకు 40 నిమిషాలు, 20 శాతం. తరువాత రెండు వ్యాసాలు. ఒకటి పత్రాల ఆధారంగా రాసేది. ఏడు పత్రాలను ముందుంచుతారు. చదవడానికి, రాయడానికి కలిపి గంట సమయం. దీనికి 25 శాతం. రెండవది పత్రాలు లేకుండా రాసే దీర్ఘవ్యాసం, 40 నిమిషాలు, 15 శాతం. బహుళైచ్ఛిక ప్రశ్నలలో కూడా ఒక లేఖనో, పటాన్నో, వ్యంగ్య చిత్రాన్నో చూపించి దాని మీదనే ప్రశ్నిస్తారు.

పత్రాల వ్యాసానికి ఏడు పాయింట్లు ఎలా పంచుతారో చూస్తే ఆ చదువు ఆత్మ అర్థమవుతుంది. వాదానికి నిలిచే ఒక స్పష్టమైన ప్రతిపాదన చేస్తే ఒకటి. ఆ విషయాన్ని దాని కాలపు పరిస్థితులలో ఉంచి చూపితే ఒకటి. పత్రాల నుండీ, వాటి వెలుపలి నుండీ సాక్ష్యాధారాలు తెస్తే మూడు. ఆ సాక్ష్యాలను విశ్లేషించి, పత్రం ఎవరిది, ఎందుకు పుట్టింది అని పరిశీలిస్తే రెండు. సంవత్సరాల పట్టికను అప్పజెప్పినందుకు ఒక్క పాయింటు కూడా లేదు. మన అబ్బాయికి ‘సి’ ఎందుకు వచ్చిందో ఇక వివరించనక్కరలేదు.

పత్రాన్ని ప్రశ్నించడం మనకు కొత్త విద్య కాదు

ఆ తరగతిలో ఒక పాత లేఖ చేతికిచ్చి నాలుగు ప్రశ్నలు వేయమంటారు. దీనిని రాసినది ఎవరు? ఎవరి కోసం రాశాడు? ఏ సందర్భంలో రాశాడు? ఏ ఉద్దేశంతో రాశాడు? ఈ పద్ధతిని చూసి కొందరు తల్లిదండ్రులు కలవరపడతారు. దేనినీ నమ్మకపోవడం నేర్పుతున్నారని, రేపు ఆ ప్రశ్నలే దీన్ మీదికి మళ్ళుతాయని వారి ఆందోళన.

మదరసాలో హదీసు శాస్త్రం చదివినవారికి ఈ ప్రశ్నలు చిరపరిచితాలు. ఒక ఉల్లేఖనం ముందుకు రాగానే మన పండితులు సనద్ అడిగారు. ఎవరి నుండి ఎవరు విన్నారు, ఇద్దరూ ఒకే కాలం వారేనా, కలుసుకున్నారా, రావీ జ్ఞాపకశక్తి ఎటువంటిది, నడవడి ఎటువంటిది, ఈ మాట చెప్పడంలో అతనికి స్వప్రయోజనం ఉందా అని శోధించారు. జర్హ్ వ తాదీల్ అనే విద్య మొత్తం ఈ శోధన మీదనే నిలిచింది. నీతిబాహ్యుడు వార్త తెస్తే విచారించుకోవాలని, లేకుంటే తెలియక ఒక జాతికి హాని చేసి పశ్చాత్తాపపడవలసి వస్తుందని ఖుర్ఆన్ 49వ అధ్యాయం, 6వ వాక్యం విశ్వాసులను హెచ్చరిస్తున్నది. విన్నదల్లా ఇతరులకు చెప్పడమే మనిషిని అబద్ధీకుణ్ణి చేయడానికి చాలునని దైవప్రవక్త (స) హెచ్చరించిన విషయం సహీహ్ ముస్లింలో ఉంది. చరిత్ర విషయానికి వస్తే, ఇబ్నె ఖల్దూన్ (రహ్మ) 1377లో తన ముఖద్దిమాను పూర్వ చరిత్రకారుల పొరపాట్లతోనే ఆరంభించారు. హజ్రత్ మూసా (అ) సైన్యం ఆరు లక్షలని రాసినవారిని ఆయన నిలదీశారు. అంతటి సైన్యాన్ని ఆ నేల మోయగలదా, యుద్ధభూమిలో ఒక కొస మాట మరొక కొసకు చేరగలదా అని తర్కించారు. నేడు అమెరికా తరగతిలో పదహారేళ్ళ పిల్లవాడిని చేయమంటున్నది ఈ తర్కమే.

ఒక్క తేడాను మాత్రం పిల్లలకు విడమరచాలి. హదీసు శాస్త్రంలో నమ్మదగని రావీ మాటను ప్రమాణంగా స్వీకరించము. చరిత్రకారుడు అబద్ధీకుని పత్రాన్ని కూడా పారవేయడు, దాని నుండి మరొక సంగతి రాబడతాడు. పారిపోయిన బానిసను పట్టి ఇమ్మని యజమానులు పత్రికలలో ప్రకటనలు వేయించేవారు. వాటిని వేయించినవాని ఉద్దేశం దుర్మార్గం. అయినా ఆ ప్రకటనలో బానిస పేరు, మాట్లాడే భాష, వీపు మీది కొరడా మచ్చలు రాసి ఉంటాయి. యజమాని తెలియకుండానే తన దౌర్జన్యానికి తానే సాక్ష్యం చెప్పుకున్నాడు. దీన్ ప్రమాణాల విషయంలో ఒక నియమం, లోక చరిత్ర విషయంలో మరొక నియమం ఉన్నాయని తెలిసిన పిల్లవాడు రెండింటినీ కలగాపులగం చేయడు.

ఇంకొక విషయం తల్లిదండ్రులను ఇబ్బంది పెడుతుంది. కొన్నిసార్లు విద్యార్థి తనకు నచ్చని పక్షం తరపున వాదించవలసి వస్తుంది. 1787 రాజ్యాంగాన్ని సమర్థించినవారు, వ్యతిరేకించినవారు అని తరగతిని రెండుగా చీల్చి చర్చ పెడతారు. ఇది అసత్యం పలకడం కాదా అని ఒక తల్లి అడిగారు. ఫిఖ్హ్ చదువులో హిదాయా గ్రంథం పట్టుకున్న ప్రతి విద్యార్థీ ఇమామ్ షాఫియీ (రహ్మ) వాదాన్ని, దాని ఆధారాన్ని నేర్చుకున్న తరువాతే హనఫీల సమాధానానికి వెళతాడు. ఎదుటివాని వాదాన్ని అతని కంటే బాగా చెప్పగలవాడే దానికి న్యాయంగా జవాబు చెప్పగలడు. తరగతి అందరికీ ఇది అభ్యాసమని తెలిసినప్పుడు అందులో మోసం లేదు.

సొంత వాక్యం

ఈ చదువులో మన పిల్లలు తరచు దెబ్బతినే చోటు మరొకటి ఉంది. ఇక్కడ పుస్తకంలోని వాక్యాన్ని పొల్లు పోకుండా రాసినవాడికి పూర్తి మార్కులు. అక్కడ అదే వాక్యాన్ని ఎవరిదో చెప్పకుండా రాస్తే దొంగతనం. ఆ పనికి సున్నా వేస్తారు, ఇంటికి కబురు పంపుతారు. కొన్ని పాఠశాలల్లో అది విద్యార్థి రికార్డులోకి కూడా ఎక్కుతుంది. ఇంటర్నెట్‌లో దొరికిన వ్యాసమైనా, కృత్రిమ మేధ రాసి ఇచ్చిన వ్యాసమైనా ఇదే నియమం కిందికి వస్తాయి.

“అందరూ చేస్తున్నారు” అన్న మాట మన ఇళ్ళలో వినిపించకూడదు. తనకు లేనిదానిని ఉన్నట్లు చూపుకునేవాడు అసత్యపు వస్త్రాలు రెండు తొడుక్కున్నవాని వంటివాడని దైవప్రవక్త (స) ఉపమానం చెప్పారు. పరుని వాక్యం కింద తన పేరు రాసుకోవడానికి ఇంతకంటే తగిన వర్ణన మాకు తోచదు. నమాజుకు లేవలేదని పిల్లవాడిని మందలించే తండ్రి, ఆ పిల్లవాడే అర్ధరాత్రి యంత్రం చేత వ్యాసం రాయించుకుంటుంటే గ్రేడు కోసం చూసీచూడనట్లు ఊరుకుంటే, ఆ ఇంట్లో దీన్ ముసల్లా వరకే పరిమితమైందని అర్థం. ‘సి’ గ్రేడు ఒక సంవత్సరంలో సరిదిద్దుకోవచ్చు. అబద్ధంతో తెచ్చిన ‘ఎ’ గ్రేడును పిల్లవాడు జీవితాంతం మోస్తాడు.

ఆ చరిత్రలో మన అడుగుజాడలు

పదకొండవ తరగతిలో ఒక్కడే ముస్లిం విద్యార్థి కూర్చున్నప్పుడు, ఈ కథలో తన వాళ్ళెవరూ లేరన్న భావం అతనికి కలుగుతుంది. అది నిజం కాదు. అమెరికా నేల మీదికి ఇస్లాం విమానంలో రాలేదు. సంకెళ్ళతో ఓడ అడుగున వచ్చింది.

ఉమర్ ఇబ్నె సయీద్ నేటి సెనెగల్ ప్రాంతంలో 1770 ప్రాంతంలో జన్మించిన విద్వాంసుడు. 1807లో పట్టుబడి దక్షిణ కరొలినాలోని చార్లెస్టన్‌లో అమ్ముడయ్యాడు. దౌర్జన్యం భరించలేక పారిపోయి ఉత్తర కరొలినాలో చెరసాల పాలయ్యాడు. అక్కడి గోడల మీద అరబ్బీలో రాశాడు. 1831లో తన జీవితకథను అరబ్బీలోనే రాశాడు. ఆ వ్రాతప్రతి 2017 నుండి అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయంలో ఉంది. అది సూరయె ముల్క్‌తో మొదలవుతుంది. ఆధిపత్యమంతా అల్లాహ్ చేతిలోనే ఉన్నదని చాటే సూరా అది. ఒక మనిషి తనకు యజమాని అని చెప్పుకునే మరొక మనిషి ఇంట్లో కూర్చుని ఆ సూరాతో తన కథ ఎందుకు మొదలుపెట్టాడు? అతనికి బాప్తిస్మం ఇచ్చారు. అతడు నిజంగా మతం మారాడా, ప్రాణరక్షణ కోసం మౌనం వహించాడా అని చరిత్రకారులు నేటికీ చర్చిస్తున్నారు. ఎవరు రాశారు, ఎవరి కోసం, ఏ ఒత్తిడిలో అన్న ప్రశ్నలు ఈ పత్రం మీద వేసినప్పుడు, సూరయె ముల్క్ కంఠస్థమైన మన పిల్లకు తరగతిలో ఎవరికీ తోచని సమాధానం తోచవచ్చు.

అబ్దుర్రహ్మాన్ ఇబ్రాహీమ్ పశ్చిమ ఆఫ్రికాలోని ఫూతా జలోన్ రాకుమారుడు. 1788లో బానిసగా మిసిసిపీలోని నాచెజ్ చేరి, నలభై ఏళ్ళ తరువాత 1828లో విముక్తుడై, మరుసటి ఏడు లైబీరియాలో కన్నుమూశాడు. జార్జియా తీరంలోని సపెలో దీవిలో బానిసగా బ్రతికిన బిలాలీ ముహమ్మద్ మాలికీ ఫిఖ్హ్‌కు సంబంధించిన అరబ్బీ ప్రతిని విడిచివెళ్ళాడు. 1777లో మొరాకో సుల్తాను సీదీ ముహమ్మద్ అమెరికా ఓడలకు తన రేవులు తెరిచాడు. 1786లో రెండు దేశాల మధ్య ఒప్పందం కుదిరింది. స్వాతంత్ర్య ప్రకటన రాసిన థామస్ జెఫర్సన్ 1765లోనే, అంటే విద్యార్థి దశలోనే, ఖుర్ఆన్ ఆంగ్లానువాదం కొనుక్కున్నాడు. కాంగ్రెసుకు ఎన్నికైన మొదటి ముస్లిం కీత్ ఎలిసన్ 2007లో ఆ ప్రతి మీదనే చేయి ఉంచి ప్రమాణం చేశాడు. మాల్కం ఎక్స్ 1964 హజ్ యాత్ర, యుద్ధానికి వెళ్ళనన్న ముహమ్మద్ అలీకి 1971లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, ఇవన్నీ ఆ తరగతిలో వ్యాసాలు రాయదగిన విషయాలే.

ఇక్కడొక హెచ్చరిక కూడా అవసరం. కొలంబస్ కంటే ముందే ముస్లింలు అమెరికాను కనుగొన్నారని, అక్కడ మసీదులు కట్టారని ఫోన్లలో చక్కర్లు కొట్టే సందేశాలు మన పిల్లలు కొందరు వ్యాసాలలో చేర్చుతున్నారు. వీటికి నిలిచే ఆధారం లేదు. మనకు గర్వం కలిగించే మాట కాబట్టి సనద్ అడగనక్కరలేదని ఏ పండితుడూ చెప్పలేదు. స్వయంగా మనకు వ్యతిరేకమైనా సరే న్యాయం కోసం సాక్ష్యం పలకమని 4వ అధ్యాయం 135వ వాక్యం ఆదేశిస్తున్నది. ఉమర్ ఇబ్నె సయీద్ రాతప్రతి ఉండగా కల్పిత కథల అవసరం మనకు లేదు.

ఇతరుల త్యాగం, మన రాక

ఈ పాఠంలో మన కుటుంబాల గురించి నేరుగా చెప్పే అధ్యాయం ఒకటి ఉంది. 1917 చట్టం భారతదేశంతో సహా ఆసియాలోని విశాల ప్రాంతం నుండి వలసలను నిషేధించింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన పంజాబీ సిక్కు భగత్ సింగ్ థిండ్ పౌరసత్వానికి అర్హుడు కాడని 1923లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1946లో ద్వారం కొద్దిగా తెరిచి ఏడాదికి వంద మంది భారతీయులకు అనుమతి ఇచ్చారు. 1965 అక్టోబరులో వచ్చిన వలస చట్టం పుట్టిన దేశాన్ని బట్టి వాటాలు నిర్ణయించే పాత పద్ధతిని రద్దు చేసింది. మనవాళ్ళు చదువు, నైపుణ్యం ఆధారంగా పెద్ద సంఖ్యలో వెళ్ళగలిగినది ఆ తరువాతే.

ఆ సంవత్సరం కాకతాళీయం కాదు. అంతకు ముందు ఏడాది పౌరహక్కుల చట్టం, అదే ఏడాది ఓటుహక్కు చట్టం వచ్చాయి. నల్లజాతి ప్రజలు లాఠీలకు, కుక్కలకు ఎదురొడ్డి దేశపు మనస్సాక్షిని కదిలించిన కాలం అది. తన ప్రతిభతోనే అక్కడికి చేరానని తండ్రి భావిస్తుంటే, తన తండ్రి ఎవరి త్యాగాలు వేసిన దారిలో నడిచాడో కూతురు తరగతిలో తెలుసుకుంటున్నది. మన ఇళ్ళలో నల్లజాతి వారి గురించి వినిపించే చులకన మాటలకు ఈ పాఠం కంటే మంచి మందు లేదు. మనుషులకు కృతజ్ఞత చూపనివాడు అల్లాహ్‌కు కూడా కృతజ్ఞుడు కాలేడన్నది మనం పిల్లలకు నేర్పే పాఠమే కదా.

కష్టమైన రోజులు

ఏటా సెప్టెంబరులో 2001 నాటి దాడుల పాఠం వస్తుంది. తరగతిలోని కళ్ళు ఒక్కసారిగా మన పిల్లవాడి వైపు తిరుగుతాయి. కొందరు పిల్లలు ఆ రోజు జ్వరమని ఇంట్లో ఉండిపోతారు. కొందరు పేరు కుదించుకుంటారు. గ్రేడు తగ్గడం కంటే ఇది మమ్మల్ని ఎక్కువగా బాధిస్తుంది.

ఈ విషయంలో తల్లిదండ్రులకు కొన్ని సంగతులు తెలియాలి. ప్రభుత్వ పాఠశాలలో అధికారికంగా ప్రార్థన చేయించరాదని 1962లో, ఆరాధనగా బైబిలు పఠనం జరపరాదని 1963లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పులిచ్చింది. చదువులో భాగంగా మతాల గురించి నిష్పాక్షికంగా బోధించవచ్చని 1963 తీర్పులోనే ఉంది. కనుక తరగతిలో ఇతర మతాల ప్రస్తావన వచ్చినంత మాత్రాన మతబోధ జరిగినట్లు కాదు. ఇస్లాం గురించి పాఠంలో తప్పు దొర్లితే మర్యాదగా, ఆధారంతో ఉపాధ్యాయునికి తెలియజేయవచ్చు. రెండు వందల కోట్లకు చేరువలో ఉన్న ఉమ్మత్ తరపున జవాబు చెప్పవలసిన బాధ్యత ఒక పదహారేళ్ళ పిల్ల మీద లేదని కూడా ఆమెకు చెప్పాలి. అమాయకుల ప్రాణాలు తీయడం హరామ్ అని సూటిగా అనగలగాలి. ఆ మాట అనడానికి సిగ్గుపడనక్కరలేదు. మరెవరో చేసిన నేరానికి క్షమాపణ చెప్పనూ అక్కరలేదు.

ఇదే పుస్తకంలో మరొక పాఠం ఆమెకు తోడు నిలుస్తుంది. 1942 ఫిబ్రవరిలో అధ్యక్షుని ఉత్తర్వు ఆధారంగా సుమారు 1,20,000 మంది జపాన్ సంతతి వారిని ఇళ్ళు ఖాళీ చేయించి శిబిరాలలో నిర్బంధించారు. వారిలో అత్యధికులు అమెరికా పౌరులే. శత్రుదేశపు ముఖం ఉండడమే వారి నేరం. 1944లో సుప్రీంకోర్టు ఆ చర్యను సమర్థించింది. 1988లో ప్రభుత్వం చట్టం ద్వారా క్షమాపణ చెప్పి, జీవించి ఉన్నవారికి తలా 20,000 డాలర్లు ఇచ్చింది. భయం ఒక దేశాన్ని ఎంత దూరం తీసుకువెళ్ళగలదో, ఆ తప్పును ఒప్పుకోవడానికి ఎన్నేళ్ళు పట్టిందో పిల్లలు ఈ పాఠంలో చూస్తారు. ఒక జాతి మీది ద్వేషం మిమ్మల్ని అన్యాయానికి పురికొల్పరాదన్న 5వ అధ్యాయం 8వ వాక్యం భావాన్ని చరిత్ర రూపంలో చదివినట్లు ఉంటుంది. అదే వాక్యం మన నాలుకలకూ వర్తిస్తుంది. ఆ దేశం చేసిన అన్యాయాలను మాత్రమే ఏరుకుని, చేసిన మేలును దాచే వ్యాసం కూడా న్యాయమైన సాక్ష్యం కాదు.

ఇంట్లో చేయవలసినది

తల్లిదండ్రులకు అమెరికా చరిత్ర తెలియకపోవడం లోపం కాదు. భోజనాల వేళ “ఎన్ని మార్కులు వచ్చాయి?” అన్న ప్రశ్నకు బదులు “ఈరోజు ఏ పత్రం చదివారు? రాసినది ఎవరు? నీకు నమ్మదగినదిగా తోచిందా, ఎందుకు?” అని అడిగితే చాలు. పిల్ల చెప్పే జవాబును మధ్యలో ఆపకుండా వినాలి. ఇంట్లో వాదించే అవకాశం దొరికిన పిల్లకు తరగతిలో నోరు పెగులుతుంది. రాత్రి ఇషా తరువాత ఒక గంట ఫోన్లు పక్కన పెట్టి, పిల్ల చదువుకుంటుంటే పెద్దలు కూడా ఏదైనా పుస్తకం పట్టుకుని కూర్చోవడం మంచిది. వ్యాసం గడువు ఉన్న వారంలో విందులకు, షాపింగులకు ఆమెను తిప్పకూడదు. ఉపాధ్యాయులతో తల్లిదండ్రులు కలిసే రోజున తల్లి గానీ, తండ్రి గానీ తప్పక హాజరు కావాలి. గ్రేడు కోసం బ్రతిమలాడడానికి కాదు. పిల్ల రాతలో లోటు ప్రతిపాదనలో ఉందా, ఆధారంలో ఉందా, విశ్లేషణలో ఉందా అని అడిగి తెలుసుకోవడానికి.

ఇక్కడ ఉన్న నానా నానీలకు, దాదా దాదీలకు కూడా ఒక పని ఉంది. మూల ఆధారాలు గ్రంథాలయాలలోనే ఉండవు. పాత ఉత్తరాలు, నికాహ్ నామాలు, మొదటిసారి విమానం ఎక్కిన రోజు జ్ఞాపకాలు కూడా ఆధారాలే. కుటుంబంలోని పెద్దలను ప్రశ్నించి వలస కథ రాసుకుని రమ్మనే పని చాలా తరగతులలో ఇస్తారు. ఫోనులో మనవరాలు అలా అడిగినప్పుడు “అవన్నీ ఇప్పుడెందుకమ్మా, బాగా చదువుకో” అని దాటవేయకండి. ఆమె అడుగుతున్నదే చదువు. గుర్తున్నది గుర్తున్నట్లుగా, తెలియనిది తెలియదని చెప్పండి. ఇందులో మీరే రావీలు.

ఈ తరగతి నుండి మన పిల్లలను తప్పించవలసిన అవసరం లేదు. వారిని అందులో ఒంటరిగా వదిలివేయనూ కూడదు. సాక్ష్యం లేని మాటను స్వీకరించకపోవడం, ఎదుటివాని వాదాన్ని న్యాయంగా వినడం, సొంత వాక్యం కిందే సొంత పేరు రాయడం అనే మూడు అలవాట్లతో ఆ ఏడాది ముగిస్తే, స్కోరు ఎంత వచ్చినా ఆ చదువు ఫలించినట్లే.

అల్లాహ్ మన సంతానానికి సత్యం పలికే నాలుకను, దానిని శోధించే బుద్ధిని, ఎక్కడ ఉన్నా తలవంచని విశ్వాసాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.